పెదవి మీది తెలుపు

1955 ఏప్రిల్ 12

ఈ ఉదయం పాలగిన్నె మూత తీస్తే మీగడ మీద దూది పోగు ఒకటి వాలి ఉంది. నాన్న జిన్నింగు మిల్లు తిరిగినన్నాళ్ళూ మా ఇంట్లో ఏ మూత కిందికైనా దూది చేరుతుంది. వేలి కొసతో తీశాను. పోగు వచ్చింది. దానితో పాటు మీగడా చిరిగింది.

అమ్మ ఫోటో వచ్చింది. వెంకోబారావు గారే మేడ మీది స్టూడియో నుంచి, తెల్ల పంచె చుట్టి, రెండు చేతులా పట్టుకుని మెట్లు దిగారు. వచ్చే నెల సంవత్సరీకం. ఆలోపే ఫోటో గోడకు ఎక్కాలని నాన్న పట్టు. వీధి తలుపు తీయగానే కనిపించే గోడకు మేకు కొట్టించారు.

పంచె తీయగానే కమలమ్మ అత్త కళ్ళు ఒత్తుకుంది.

"చూడు పాపా, అచ్చం మహాలక్ష్మి. ఇప్పుడు పిలిస్తే పలికేటట్టుంది మా వదిన."

నేను కుడి పెదవి చివర చూశాను. అక్కడ మొదలై చెంప మీదికి తమలపాకంత తెల్లమచ్చ ఉండాలి. నేను పుట్టకముందు నుంచీ అమ్మకు ఉన్న బొల్లి. లేదు. చెంప అంతా ఒకే రంగు, కొత్త బీరువా తలుపులా.

హులిగమ్మ చీపురు పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఈయమ్మ యెవురమ్మా?"

"నీ కండ్లు పోయినాయా?" అంది అత్త. "కన్యకమ్మ."

"అవునా. నోరు ఆయమ్మది కాదే."

"నీ నోరు మూసుకుని ఊడ్చు."

నాన్న నా వైపు తిరిగి, "బాగా వచ్చింది కదా పాపా?" అన్నారు. "ఊఁ" అన్నాను. రావుగారు నా వైపు చూడలేదు. పంచె మడత పెట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయారు.

ఏప్రిల్ 13

మధ్యాహ్నం రావుగారు భోజనానికి వెళ్ళినప్పుడు మేడ మీదికి పోయాను. తాళంచెవి ఎక్కడ ఉంటుందో నాకు తెలుసు. మూడేళ్ళుగా ఆయన దగ్గర నెగెటివులు దిద్దుతున్నదాన్ని.

మచ్చను తీసింది ముందు పెన్సిలే అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను. నెగెటివులో అన్నీ తలకిందులు. ముఖం మీది నల్లగీత గాజు ప్లేటు మీద తెల్లగా, ఖాళీగా ఉంటుంది. సన్నగా చెక్కిన పెన్సిలుతో ఆ ఖాళీని పూరిస్తే, అచ్చులో గీత పోతుంది. నచ్చకపోతే దూదికి టర్పెంటైను అద్ది తుడిస్తే పెన్సిలు మొత్తం లేచిపోతుంది. ముఖం మళ్ళీ మొదటికి వస్తుంది. అందుకే నాకు ఆ పని అంటే ఇష్టం. తప్పు చేసినా వెనక్కి రావచ్చు.

కానీ తెల్లమచ్చ ప్లేటు మీద నల్లగా, దట్టంగా పడుతుంది. దాన్ని తగ్గించాలంటే కత్తితో గీకాలి. గీకినది పొడిగా రాలిపోతుంది. ఆ పొడి ఇక ఏ మందు వేసినా తిరిగి రాదు.

ప్లేటును ఉత్తరం వైపు గాజుకప్పు కింద ఏటవాలుగా పట్టుకున్నాను. గీతలు కనిపించాయి. గోటితో కాగితం గీరినట్టు, ఒకదాని పక్కన ఒకటి, ఓపికగా. పెదవి చివర ఒకచోట కత్తి జారింది. అమ్మ నవ్వు ఎప్పుడూ ఆ మూలనే మొదలయ్యేది. ఆ మూల లేదు.

ఈ ఫోటో తప్ప అమ్మది ఇంకొకటి లేదు.

రావుగారు మొదటి రోజు చెప్పిన మాటలు నా నోటుబుక్కులో ఇప్పటికీ ఉన్నాయి. "ప్లేటుకు ఎరుపు కనపడదు శకుంతలా. ఎర్రగా ఉన్నదంతా నల్లగా చూపిస్తుంది. చిన్న చెమటకాయను పెద్ద మచ్చ చేస్తుంది. మనిషి ముఖానికి ప్లేటు చేసిన అన్యాయాన్ని మనం సరిచేస్తాం. అంతవరకే." ఇంకొక రోజు: "గీత తీయడం ఎవరైనా నేర్చుకోవచ్చు. ఏ గీత ఉంచాలో తెలిస్తే, అప్పుడు అది కళ." ధాన్యం కొట్టు రంగన్న ఫోటోలో నుదుటి మీద నేను రెండు ముడతలు వదిలాను. ఆయన ఆ ప్లేటును కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూసి, తర్వాత తన భార్యను కూడా పిలిచి చూపించారు.

అమ్మ ముఖం మాత్రం నన్ను దిద్దనివ్వలేదు. "చెయ్యి వణుకుతుంది, నీవు వద్దు" అన్నారు. నా మీద దయ అనుకున్నాను.

ఏప్రిల్ 14

మేడ మీదికి పోలేదు.

ఏప్రిల్ 16

ఈరోజు అడిగాను. మాటలన్నీ ముందే కాగితం మీద రాసుకుని వెళ్ళాను. సగం కూడా చెప్పలేకపోయాను.

"అమ్మ ప్లేటు గీకారు."

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు. "ప్లేటు దాన్ని ఉన్నదానికంటే తెల్లగా పట్టింది. కొంచెం తగ్గించినాను."

"తగ్గించలేదు. తీసేశారు."

"నా కండ్లు మునుపటి మాదిరి లేవమ్మా. చెయ్యి జారింది. అది తప్పే."

"పెదవి సంగతి కాదు. మచ్చ తీయమని ఎవరు చెప్పారు?"

"నేనే చేసినాను" అన్నారు. అద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. గోడ మీద ఆయన తీసిన ఫోటోలు వరసగా ఉన్నాయి. అందరూ మెరుస్తున్నారు. వాళ్ళలో ఎవరెవరు నిజంగా అలా ఉండేవారో అనుకున్నాను.

తర్వాత నాన్నను అడిగాను. లెక్కల పుస్తకం మీంచి తల ఎత్తలేదు.

"నేను చెప్పలేదు పాపా. చెబుదామనుకుంటాంటి. అంతలోకే ఆయనే చేసినాడు. మంచిదే కదా."

నాన్న అబద్ధం చెప్పేటప్పుడు ఎక్కువ మాట్లాడతారు. ఇవి నాలుగు మాటలే. అయినా నమ్మలేదు.

ఏప్రిల్ 19

మచ్చ పోవడం ఎందుకు మంచిదో అత్త చెప్పింది. మిరపకాయల తొడిమలు తీస్తూ, నా వైపు చూడకుండా.

"మే నెల ఆరో తేదీ ఎమ్మిగనూరు వాళ్ళు వస్తాండారు. జవుళి వ్యాపారం. పిల్లోడు బి.ఏ. పేరు లక్ష్మీనారాయణ. పుస్తకాలు చదువుతాడంట, నీ మాదిరే. ఇద్దరూ చెరొక మూల కూర్చుని చదువుకుంటాండండి, వంట నేనొచ్చి చేసి పెడతా."

నేను నవ్వలేదు. అత్తే నవ్వుకుంది.

"ఆలూరు సంబంధం ఎందుకు పోయింది? ఎవరో పోయి, తల్లికి బొల్లి, రేపు పిల్లకూ వస్తుంది అని చెప్పినారు. ఆదోనిలో అందరికీ తెలుసు, ఏం చేస్తాం. ఎమ్మిగనూరికి తెలీదు. తెలిసినోడు పోయి చెప్పినా, వాళ్ళు వచ్చి ఈ గోడ చూస్తారు. ఫోటో అబద్ధమాడుతుందా? చెప్పినోడే అబద్ధాలకోరు అవుతాడు."

"అది మోసం అత్తా."

"యాడి మోసం? మీ అమ్మ పోయింది. ఆయమ్మ చెంప ఇప్పుడు ఎవురికి అడ్డం?"

ఇంట్లో అందరూ కలిసి అమ్మను గోడ మీద సాక్షిగా నిలబెట్టారు. అమ్మ ఎవరో అందరికీ తెలుసు. అమ్మ ముఖం ఎవరికీ అక్కర్లేదు.

కాన్వెంటులో ప్రార్థన అయ్యాక ఆ రోజు ఆడిన అబద్ధాలు గుర్తు తెచ్చుకోమనేవారు. నావి ఎప్పుడూ తక్కువే. ఇప్పుడూ దాచింది వాళ్ళు. నాకు దాచడానికి ఏమీ లేదు.

ఏప్రిల్ 20

ప్రూఫు ఉంది.

పొద్దున పూలు కడుతుండగా గుర్తొచ్చింది. ఒళ్ళో పూలన్నీ కింద పడ్డాయి. ఫోటో తీసిన మూడో రోజు రావుగారు ప్లేటు నుంచి నమూనాగా అచ్చు వేసి ఇచ్చిన ప్రూఫును ప్లేట్ల పెట్టెలోని నల్లకాగితంలో చుట్టి, నా పెద్ద నిఘంటువులో పెట్టుకున్నాను. అప్పటికి ప్లేటు గీకలేదు.

సామాన్ల గదిలో తలుపు వేసుకుని, తలుపు సందులోంచి వచ్చే వెలుగులో విప్పాను. పది అంకెలు లెక్కపెట్టేంతసేపు చూసి మూసేశాను. ప్రూఫును కావాలనే మందులో కడగరు. కడిగి ఇస్తే గిరాకీ అదే చాలని తీసుకుపోతాడు, మళ్ళీ రాడు. కడగని కాగితం వెలుగు తగిలినప్పుడల్లా కొంచెం నల్లబడుతుంది. చూసిన ప్రతిసారీ కొంత పోతుంది.

మచ్చ ఉంది. నవ్వు మూల ఉంది. పెదవికి అటువైపు ఒక రంగు, ఇటువైపు ఒక రంగు. ఆ నవ్వు అలాగే బాగుంటుంది.

ఫోటో తీయించుకున్న రోజు, పోయిన ఏడు ఫిబ్రవరి. అమ్మ కొంగుతో చెంప కప్పుకుని కూర్చుంది. రావుగారు కెమెరా గుడ్డలోంచి తల బయటికి పెట్టి ఊరికే నిలబడ్డారు. నేను, "కొంగు తీసెయ్ అమ్మా" అన్నాను. కొంతసేపటికి తీసింది. అప్పటికే జ్వరాలు మొదలయ్యాయి. మెట్లు దిగుతూ నా భుజం పట్టుకుని, "ఉన్నట్టే ఉండనీ. నీవు గీకొద్దు" అంది. గీకను అని మాట ఇచ్చాను.

బంగారు మందులో ముంచి, తర్వాత కడిగితే ప్రూఫు నిలిచిపోతుంది. ఆ మందు రావుగారి దగ్గరే ఉంది. ఆయన్ను అడగను.

ఎమ్మిగనూరు వాళ్ళకు ఇది చూపిస్తాను. గోడ మీది ఫోటో కింద నిలబడి చూపిస్తాను. అప్పుడు వాళ్ళ ఇష్టం.

ఏప్రిల్ 24

రావుగారు హులిగమ్మతో కబురు పంపారు, రెండు పెండ్లి ప్లేట్లు ఆగిపోయాయని. పని వరకే అనుకుని వెళ్ళాను. దిద్దే బల్ల ముందు కూర్చుని, ఎవరో పెళ్ళికొడుకు కంటి కింది నీడలు పూరిస్తున్నాను. ఆయన నా వెనక నిలబడి చెప్పారు.

"ఆ ప్లేటు గీకమన్నది మీ అమ్మే."

పెన్సిలు ఆగింది.

"ప్రూఫు ఇచ్చిన మరుసటి వారం. నీవు సర్టిఫికెట్టు తెచ్చుకునేదానికి కాన్వెంటుకు, బళ్ళారికి పోయినావు చూడు, ఆ రోజు. వడియాల డబ్బా ఇచ్చే సాకుతో పైకి వచ్చింది. పిల్లకు చెప్పొద్దండి రావుగారూ, అది ఒప్పుకోదు, అనింది. ఒట్టు వేయించుకునింది. నీవు అన్నం మానేసినావని కమలమ్మగారు చెప్తే, ఇంక నాకు తప్పలేదు."

"మీరు వద్దని చెప్పలేదా?"

"చెప్పినాను. నాకు తెలిసిన శాస్త్రమంతా చెప్పినాను. అమ్మా, మచ్చతోనే ఇది మంచి ఫోటో, నా చేతి మీద ఇంత మంచిది ఇంకోటి రాలేదు అన్నాను. అది మీకు మంచి ఫోటో, అనింది."

వీధిలో దూది బండి ఒకటి పోయింది.

"ఆయమ్మ ముందరే గీకినాను. ఆ ముక్కాలి పీట మీద కూర్చుని చూస్తాండె. మెల్లగా, మెల్లగా అని రెండుసార్లు అనింది."

నేను లేచి వచ్చేశాను. పెళ్ళికొడుకు కుడికన్ను కింది నీడ అలాగే ఉంది.

ఏప్రిల్ 25

నాతో ఒక మాట, ఆయనతో ఒక మాట. నా భుజం పట్టుకుని చెప్పిన మాటే అబద్ధం.

నాన్న గీకమని ఉంటే ఓర్చుకునేదాన్ని. నాన్న వ్యాపారి. అత్త అని ఉంటే ఆశ్చర్యపడేదాన్నే కాదు. రావుగారు ఒట్టుకు లొంగారు. అమ్మ ఎందుకు? ఇరవై ఏళ్ళు ఆ చెంపతో నా ఎదుట తిరిగింది. పసుపు రాసుకునేటప్పుడు ఆ మచ్చ మీద కూడా రాసుకునేది. "నాకేం బాధలేదు" అనేది. నేను నమ్మాను. కాన్వెంటులో ఒక పిల్ల మీ అమ్మ ముఖానికి ఏమైంది అని అడిగితే, "ఏమీ కాలేదు, మా అమ్మ అంతే" అన్నాను. ఎంత గర్వంగా అన్నాను.

నేను లేని రోజు చూసి మెట్లెక్కింది.

ఏప్రిల్ 27

అమ్మతో మాట్లాడటం లేదు.

ఏప్రిల్ 30

ఫోటోకు దండ వేయమంది అత్త. వేశాను. ముఖం చూడకుండా వేయవచ్చు.

మే 2

సంవత్సరీకం అయింది. భోజనాలకు వచ్చిన వాళ్ళంతా ఆ గోడ ముందు ఆగారు. ఇరవై ఏళ్ళుగా అమ్మను చూసిన వాళ్ళే. ఒక్కరూ ఏమీ అనలేదు. అమ్మ స్నేహితురాలు బసమ్మ మాత్రం చెయ్యి ఎత్తి, ఫోటో అద్దం మీద ఆ చెంపను వేలితో తడిమి, దించేసింది.

ప్రూఫు విప్పి మూడుసార్లు చూశాను. ప్రతిసారీ ఐదు అంకెలే.

మే 6

వచ్చారు, వెళ్ళారు.

పెద్దాయన ఇంద్రసేనయ్య నాన్నతో పత్తి ధర తప్ప మరొకటి మాట్లాడలేదు. ఆయన భార్య ఇందిరమ్మ కూర్చోగానే గోడ వైపు చూసింది.

"ఎంత లక్షణంగా ఉండింది మీ వదిన" అంది అత్తతో. "ఏమండీ, నా ఫోటో కూడా ఇట్లే తీయించండి. నేను పోయినాక కోడలు చూసి, మా అత్త ఇంత సక్కంగుండెనా అనుకోవాల."

"నీవు ముందర ఒక నిమిషం నోరు కదపకుండా కూర్చో. ఫోటో సంగతి తర్వాత చూద్దాం" అన్నారు పెద్దాయన.

అందరూ నవ్వారు. అబ్బాయి కూడా నవ్వి, నవ్వినందుకు తల్లి వైపు చూసి ఆపుకున్నాడు. నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"మీరు చదివిన పుస్తకాన్ని మళ్ళీ చదువుతారా?"

"చదువుతాను."

"నేనూ అంతే. మా ఇంట్లో తిడతారు, అయిపోయిందానికి మళ్ళీ దీపం ఎందుకని."

ఆ తర్వాత ఫోటో వైపు చూసి, "కండ్లు మీవే" అన్నాడు. కళ్ళను ఎవరూ గీకలేదు. అందుకే అన్నాడేమో.

ప్రూఫు నా దగ్గరే ఉంది. రవికలో, నల్లకాగితంలో. అందరి ముందు తీయలేకపోయాను. కానీ అవకాశం దానంతట అదే వచ్చింది. ఇందిరమ్మ చెయ్యి కడుక్కోవాలని పెరట్లోకి వచ్చింది. చెంబుతో నీళ్ళు పోశాను. ఇద్దరమే. ఆమె గొంతు తగ్గించింది.

"తప్పుగా అనుకోవద్దు పాపా. మీ అమ్మకు ఒంటి మీద ఏదో ఉండిందని మా ఊళ్ళో ఒకామె అనింది. నేను నమ్మలేదు. ఫోటో చూసినాక అసలే నమ్మను. అయినా కన్న బిడ్డవు. నీ నోటితో చెప్పు. ఏమన్నా ఉండెనా?"

నీళ్ళు ఆమె చేతుల మీంచి రాతి మీదికి కారుతున్నాయి. ఆమె ముఖంలో కపటం లేదు. చెప్పి ఉంటే వినేది. లేచి వెళ్ళిపోయేదేమో. వెళ్ళకపోయేదేమో కూడా.

"ఫోటోలో ఉన్నట్టే ఉండేదమ్మా" అన్నాను.

ఆమె తడి చేత్తో నా గడ్డం పట్టుకుంది.

"చాలు తల్లీ. ఇంకెవరి మాటా నాకు అక్కర్లేదు."

మే 9

ఒప్పుకున్నట్టు ఎమ్మిగనూరు నుంచి ఉత్తరం వచ్చింది. అత్త అందరికీ చక్కెర పంచింది. నాన్న మేడ మీదికి వెళ్ళి రావుగారి చేతులు పట్టుకున్నారట. రావుగారు వెంటనే కిందికి వచ్చి, నాతో నెమ్మదిగా, "ప్రూఫు నీ దగ్గర ఉందా? ఉంటే తెచ్చియ్యి. బంగారు మందు కలిపి పెట్టినాను. ఈరోజే కడిగి నిలుపుదాం" అన్నారు.

"లేదండీ. ఎప్పుడో నల్లబడిపోయింది" అన్నాను.

ఆయన తల ఊపారు. నమ్మలేదని నాకు తెలిసింది.

అప్పటికి నల్లబడలేదు. ఆయన వెళ్ళాక మిద్దె మీదికి తీసుకుపోయి పిట్టగోడ మీద పెట్టాను. గాలికి ఎగరకుండా నాలుగు మూలలా నాలుగు గులకరాళ్ళు పెట్టాను. పన్నెండు గంటల ఎండ. ముందు గోధుమరంగు చీర పోయింది. తర్వాత జుట్టు, గోడ, కుర్చీ అన్నీ ఒకటైపోయాయి. మచ్చ చివరిదాకా ఉంది. అన్నిటికంటే తెల్లనిది కాబట్టి. తర్వాత అదీ ఎర్రబడి, రాగిరంగు తిరిగి, మిగతా దానిలో కలిసిపోయింది. పక్కనే కూర్చుని చూశాను. నా చేతులు ఒళ్ళో ఉన్నాయి. ఒక్కసారి కాగితం తిరగేసినా సగం మిగిలేది.

ఎలాగూ ఎప్పుడో పోయేదే. ఎండకు కాకపోతే దీపానికి. నా తప్పు ఇందులో ఎంత? నాన్న దాచారు. అత్త దాచింది. రావుగారు తన విద్యను తానే గీకేసుకున్నారు. అమ్మ నా వెనక మెట్లెక్కింది. ఇన్ని చేతులు పడ్డాక మిగిలింది ఒక కాగితం. అది ఉన్నా లేకున్నా ఒకటే. ఇలా మధ్యాహ్నం నుంచి రాస్తున్నాను, కొట్టేస్తున్నాను.

అమ్మ ఆ పీట మీద కూర్చుని ఎవరిని తలుచుకుంటూ మెల్లగా అందో ఇప్పుడు తెలుసు. తెలిసినా కోపం పోలేదు. నాకు చెప్పి ఉండవలసింది. మెట్లు దిగేటప్పుడు నా భుజం పట్టుకున్నప్పుడైనా చెప్పవలసింది.

ఆ ఫోటో గోడకు ఎక్కకముందే, ఉగాది నాడు తలంటి పోసుకుంటూ చూశాను. నా ఎడమ చీలమండ మీద కందిగింజంత తెల్లమచ్చ ఉంది.